నిమిషానికి ఎంత ఊపిరి

హుజూర్‌నగర్ రోడ్డు మీద పురుషోత్తం సేటు మిల్లు.
పొద్దుగాల ఏడింటికే ఫోన్:
"సార్టెక్స్ నల్లగింజ వదిలేస్తుంది, జల్ది రా."
నేను పోయేసరికి
తవుడు దుమ్ముకు తెల్లబడ్డ కనుబొమ్మలతోని
సేటు కంప్రెసర్ పక్కన నిలవడ్డడు.
సంతల కొన్న బర్రెను చూపిచ్చినట్టు చూపిచ్చిండు:
"పది హార్స్ పవర్. పది గుర్రాలయ్యా!
ఇంకేం గావాలె దీనికి?"

నేనేం అనలే.
గుర్రాలు ఎన్నున్నయో మోటరు మీది రేకు చెప్తది.
అవి ఏం మోస్తున్నయో చెప్పదు.

సార్టెక్స్‌ను మీరు చూసిన్రో లేదో.
జారుడుబండ మీద బడిపిల్లల్లెక్క
బియ్యం వరుసగ జారుతుంటయి.
కెమెరా కన్ను నల్లదాన్ని పట్టుకుంటది.
సూది బెజ్జం లెక్కటి రంధ్రంలకెల్లి
టిక్
ఒక్క ఊపు గాలి.
ఆ ఒక్క గింజే అవతల పడ్తది, పక్కది కదలదు.
గసొంటి టిక్కులు సెకనుకెన్నో నేనైతే లెక్కవెట్టలే.
మిషన్‌తోని వచ్చిన పుస్తకంల ఉంటది, ఆఖరి పేజీల:
నిమిషానికి అరవై ఘనపుటడుగుల గాలి.
ఆ పుస్తకం ప్లాస్టిక్ కవరు ఇంకా విప్పనేలేదు.

మా ఉస్తాద్ జానిమియా ఒకటే లెక్క నేర్పిండు,
అదీ వేళ్ల మీద:
"ఏడు బార్ల బరువు నెత్తిన వెడితే
ఒక్క గుర్రం నాలుగడుగుల గాలి మోస్తది బేటా.
రింగులు అరిగితే మూడున్నర.
అమ్మేటోడు ఐదంటడు.
అది పిస్టను తిరిగిన జాగ, బయటికొచ్చిన గాలి గాదు."

పదికి నలభై. అడిగేది అరవై.
"మరి ఆన్ చేయంగనే మంచిగ నడుస్తది గదా?" అంటడు సేటు.
నడుస్తది.
ట్యాంకు అప్పిస్తది సేటూ, మొదటి నిమిషం.
అప్పు తోని ఎన్నొద్దులు తింటవు?

నమ్మలే. నమ్మకపోతే కొలుస్తం.
వాల్వు బందు వెట్టి, ముల్లు ఐదు కాడికి దించి,
ఐదు వందల లీటర్ల ట్యాంకు
ఏడు దాక ఎక్కెటందుకు ఎంతసేపో చూసినం.
నలభై ఇచ్చేదైతే యాభై మూడు సెకన్లు.
అరవై ఇచ్చేదైతే ముప్పై ఐదు.
నా వాచీల నిమిషం నిండింది.
ముల్లు అప్పుడు గూడ ఏడును ముట్టలే, పక్కకొచ్చి ఆగింది.

"నేను నెల సంది చెప్తున్న,"
కింద రిజెక్టు డబ్బా కాడికెల్లి మరోని అన్నది.
దామరచర్ల దిక్కు తండా ఆమెది.
మిషన్ రాకముందు ఇదే మిల్లుల
నల్లగింజలు చేతితోని ఏరింది ఏడేండ్లు.
"పదకొండు దాటంగనే టిక్కు మెత్తగైతది.
కోడి గింజ పొడిచినట్టుండాలె గదా,
ముసలోడు దగ్గినట్టు ఇనవడ్తది.
ఎవ్వలిన్నరు?"

ఎవ్వలినలే. ముల్లు చూడకుండ చెవుతోని
ఐదున్నర బార్లు చెప్పిన మనిషిని
నేను ఈ లైన్ల ఇంకొకర్ని చూడలే, ఉస్తాద్‌ను తప్ప.

సబ్బు నురగ కొట్టి పైపంత తడిమిన.
మూడో జాయింటు కాడ బుడగలు లేసినయి,
రాత్రి పగలు, ఎవ్వలకు పనికిరాని ఊపిరి.
బిగిచ్చిన. రెండడుగులు వాపసొచ్చినయి.
ఇంకా ఇరవై మీద ఎక్కడివి?

"ఇంకో ట్యాంకు వెడితే?"
ఇంకో నిమిషం అప్పు.
"ప్రెజరు పెంచితే?"
బరువు పెంచితే గుర్రం ఉరుకుతదా సేటూ?
పదిహేను గుర్రాలదైతే ఇప్పటికి సరి,
ఇరవైదైతే ఎండకాలం గూడ నిద్రవోతవు.
లేదంటే సగం రంధ్రాలు బందు వెట్టు,
ఆరు గంటల పని పన్నెండు చెయ్.
సేటు క్యాలిక్యులేటర్ తీసిండు.
గాలికి ధర కట్టుడు ఇప్పుడే మొదలైంది ఆయనకు.

పానాలు సదురుకుంటుంటే మరోని వచ్చింది.
మంచి బియ్యంల దొరికిన నల్లగింజ ఒకటి
అరచేతుల వెట్టుకుని చూపిచ్చింది.
"దీనికెన్ని గుర్రాలు సారూ?"
పెదవులు సున్న చుట్టి
ఫూ అన్నది.
గింజ పోయింది.

నేను వాచీ చూసుకున్న.
అలవాటు.